మెట్ల కింద పది సంచుల సున్నం

జూన్ 2, శుక్రవారం, సాయంత్రం. మా చాల్ కింది అంతస్తు, మెట్ల ముందు.

హాజరైనవారు: మేస్త్రీ, ఆయన వదినగారు, రెండో అంతస్తు ట్యాక్సీ ఆయన, మెట్ల కింద ఉండే పాలమూరు దంపతుల్లో భార్య, నా మనుమరాలు, నేను. ఇంకా ప్రతి గది నుంచి ఒక ఆడమనిషి, చేతిలో నీళ్ళ చెంబుతో.

ఆనాటి నా డైరీ ఇలా మొదలవుతుంది. బడిలో సైన్సు చెప్పినన్నాళ్ళూ పిల్లల చేత ప్రయోగం రాయించేముందు తేదీ, చోటు, ఎవరెవరున్నారో రాయించేవాణ్ణి. జరిగినదాన్ని తరువాత ఎవరైనా కాదంటే అడగటానికి మనుషులుండాలి కదా. ఉద్యోగం అయిపోయినా ఆ అలవాటు నన్ను వదల్లేదు.

కామాటిపురలో మాది కింద ఒకటి, పైన రెండు అంతస్తుల చాల్. ముప్పై రెండు గదులు, గదికొక కాపురం. పైకీ కిందికీ దారి ఒక్కటే, నడుమ ఉన్న చెక్క మెట్లు. ఈ చాల్‌ని పడగొట్టి కొత్తది కడతారని నా పెళ్ళికి ముందు నుంచీ వింటున్నాను. కట్టేదాకా వాన ఆగదు కాబట్టి ఏటేటా పైకప్పు మీద ఏదో ఒకటి వేస్తూనే ఉంటాం. కిందటేడు డాంబర్ షీట్లు వేశాం. వాటి కింద నుంచి నీళ్ళు దూరి రెండో అంతస్తంతా తడిసింది.

"షీట్లు గీట్లు బంద్," అన్నాడు మేస్త్రీ మే నెలలో. "ఈసారి మా తాత ఏసినట్టే సున్నపు గచ్చు ఏద్దాం. ఇటుక ముక్కలు, సున్నం, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు. దిమ్మిసలతోటి అందరం కొడదాం. యాభై ఏండ్లు చూస్కోనక్కర్లే."

ఆయన్ను మేస్త్రీ అంటాం గానీ ఆయన ఎన్నడూ తాపీ పట్టలేదు. బెస్ట్ బస్సు డిపోలో గుమాస్తాగా చేశాడు. తాత మేస్త్రీ, తండ్రి మేస్త్రీ, కనుక ఈయనా మేస్త్రీయే. చాల్ కమిటీకి ఆయనే పెద్ద. సున్నం గురించి ఆయనకు తెలిసినదంతా చిన్నప్పుడు కళ్ళతో చూసిందే. ఆ మాటకొస్తే నాకు తెలిసినదంతా పుస్తకంలో చదివిందే.

సున్నం టెంపోలో వచ్చింది. పది సంచులు, ఒక్కొక్కటి యాభై కిలోలు. ఇంకా నీళ్ళు తగలని, బట్టీలో కాల్చి తెచ్చిన గడ్డలు. వాడేసిన సిమెంటు సంచుల్లో నింపి మూతి కుట్టారు. మా తాతల కాలంలో చాల్ వెనక వాకిట్లో సున్నానికి గొయ్యి ఉండేది. ఇప్పుడా వాకిట్లో మోటారు సైకిళ్ళు నిలబడి ఉంటాయి. తమ బండి తీయటానికి ఎవరూ ఒప్పుకోలేదు. అందుకని సంచులను మెట్ల కింద, రెండు వరుసలుగా, గోడకు ఆనించి పేర్చారు.

ఆ మెట్ల కిందే పాలమూరు దంపతుల కాపురం. అతను నాగ్‌పాడా వైపు పాత ఇళ్ళు కూల్చే చోట రాళ్ళు మోస్తాడు. ఆమె మా మెట్లు ఊడుస్తుంది, నాలాంటి ముసలివాళ్ళకు పొద్దున నీళ్ళు పట్టి పైకి తెచ్చి ఇస్తుంది. అందుకు వాళ్ళకు ఆ చోటు ఇచ్చాం. నల్లా వచ్చే వేళకు కింద నేలంతా తడి అవుతుంది కనుక వాళ్ళు తెల్లవారకముందే పక్క చుట్టేయాల్సి వచ్చేది. సంచులు వచ్చిన రోజు ఆమె వాటి మీద అట్టలు పరిచి, బొంత పరిచి, చేత్తో తట్టి చూసుకుంది.

"మాకు మంచమొచ్చింది సారూ," అంది నన్ను చూసి నవ్వుతూ. "ఇగ కాళ్ళకు నీళ్ళు తగలయి."

నేను కూడా నవ్వాను.

మరునాడు మధ్యాహ్నం నా మనుమరాలు గది గుమ్మంలో కూర్చుని కెమిస్ట్రీ లెక్కలు చేస్తోంది. పన్నెండో తరగతికి వచ్చింది. తెలుగు మాట్లాడుతుంది గానీ విసుగు పుట్టిందంటే హిందీలోకి దిగిపోతుంది. ఎంథాల్పీ పాఠం ఆమెకు మహా విసుగు.

"తాతా, ఈ మైనస్ గుర్తు ఎందుకు? నాకు దిమాగ్ ఖరాబవుతోంది."

"వేడి బయటికి పోయిందని. పదార్థం దగ్గర అంత తగ్గింది, చుట్టూ ఉన్నవాటికి అంత చేరింది. మీ నాన్న జేబులోంచి తీస్తే నీ జేబులో చేరినట్టు."

"నాన్న జేబులో ఏముంటుంది," అంది.

పుస్తకంలో లెక్కకు బదులు కింద ఉన్న సున్నాన్ని తీసుకుందామన్నాను. కళ్ళముందున్న వస్తువుతో చెబితే తలకెక్కుతుందని నా నమ్మకం. రాసుకోమన్నాను. కాల్షియం ఆక్సైడ్ మూలకాల నుంచి ఏర్పడినప్పుడు మోలుకు మైనస్ 635 కిలోజౌళ్ళు. నీళ్ళకు మైనస్ 286. ఆ రెండూ కలిస్తే వచ్చే తడి సున్నానికి మైనస్ 986. వచ్చినదాని విలువలోంచి కలిపినవాటి మొత్తం తీసేయాలి. మైనస్ 986 లోంచి మైనస్ 921 తీస్తే మైనస్ 65.

"మోలుకు అరవై ఐదేనా? ఇంతేనా?" అంది.

"మోలు అంటే యాభై ఆరు గ్రాములు. సంచి యాభై కిలోలు. గుణించు."

ఫోన్లో గుణించింది. సంచికి దాదాపు 58 వేల కిలోజౌళ్ళు వచ్చాయి. పది సంచులకు 5 లక్షల 80 వేలు. ఆ సంఖ్యను ఎలా ఊహించుకోవాలో ఆమెకు తోచలేదు. నేను వంటింటి వైపు చూపించాను. నిండు గ్యాస్ సిలిండర్‌ని పూర్తిగా కాలిస్తే వచ్చే వేడికన్నా కాస్త తక్కువ, అంతే తేడా.

ఆమె పెన్ను కింద పెట్టింది.

"సిలిండర్ మీద ఎవరూ పడుకోరు కదా తాతా."

సున్నం తనంతట తాను ఏమీ చేయదని, నీళ్ళు తగిలితేనే వేడి పుడుతుందని చెప్పాను. నీళ్ళు ధారాళంగా పోస్తే భయం లేదని కూడా చెప్పి, అదీ లెక్క కట్టించాను. కిలో సున్నానికి ఆరు కిలోల నీళ్ళు పోస్తే ఆ వేడంతా నీళ్ళు పంచుకుంటాయి. ముప్పై డిగ్రీల నీళ్ళు డెబ్బై ఆరుకు చేరతాయి. చేయి పెట్టలేం గానీ మరగవు.

"మూడు కిలోలే పోస్తే?"

"మరుగుతాయి."

"ఒక్కటే పోస్తే?"

"చాలావరకు ఆవిరైపోతాయి."

"ఇంకా తగ్గిస్తే?"

ఆ లెక్క నేనే వేశాను. కిలో సున్నానికి కావలసినవి మూడో వంతు కిలో నీళ్ళు. కచ్చితంగా అన్నే పోస్తే నీళ్ళన్నీ సున్నంలో కలిసిపోతాయి, పంచుకోవటానికి చుక్క మిగలదు. పుట్టిన వేడంతా ఆ పొడి దగ్గరే ఉండిపోతుంది. కాగితం మీద ఏడు వందల డిగ్రీలు దాటింది. ఆవిరిగా, గాలిలోకి ఎంత పోయినా, చెక్కకు నిప్పు అంటుకోవటానికి మిగిలింది చాలు.

"అయితే తక్కువ నీళ్ళే ప్రమాదం," అంది మనుమరాలు. "ఉల్టా ఉంది."

పుట్టే వేడి ఒక్కటేనని, దాన్ని ఎన్ని నీళ్ళు పంచుకుంటాయన్న దాని మీద ఎంత కాలుతుందన్నది ఉంటుందని చెప్పాను. పాఠం బాగా సాగిందనిపించింది. టీ పెట్టమన్నాను.

టీ తాగుతుండగా మేస్త్రీ వచ్చాడు. శనివారం పని మొదలని, శుక్రవారం సాయంత్రం తొలినీళ్ళ పూజని, ఇంటికొక చెంబు తెమ్మని గది గదికీ చెప్పి పోతున్నాడు.

తొలినీళ్ళ సంగతి నాకూ గుర్తే. గచ్చు వేసేముందు రోజు సున్నానికి పసుపు, కుంకుమ పెట్టి, చాల్‌లో ప్రతి ఇంటి ఆడమనిషీ ఒక చెంబు నీళ్ళు పోసేది. మన కప్పుకు కావలసిన సున్నానికి మన చేతి నీళ్ళు తగలాలని. నా చిన్నప్పుడు అది వెనక వాకిట్లో, గోతిలో, ఆకాశం కింద. పొగలు చిమ్మేది. మేము చప్పట్లు కొట్టేవాళ్ళం. ఆ తరువాత మేస్త్రీ తాత, కూలీలు కడవలకు కడవలు గుమ్మరించేవాళ్ళు. అప్పుడు గల్లీ చివర బావి ఉండేది.

మేస్త్రీ వెళ్ళాక మనుమరాలు వేళ్ళు మడిచి చూసుకుంటోంది.

"తాతా, ముప్పై రెండు ఇళ్ళు. చెంబు ఒక లీటరు. ముప్పై రెండు లీటర్లు."

"ఊఁ."

"అవి రెండు సంచుల మీదే పడితే, వంద కిలోలు. వందకు ముప్పై రెండు. సరిగ్గా సరిపోయింది."

ఎవరో కుదిర్చి ఇచ్చిన లెక్కలా ఉంది. నేను మళ్ళీ చేసి చూశాను. టీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

శుక్రవారం గాలి లేదు. గల్లీలో బ్యాగులు కుట్టే కార్ఖానాల వాళ్ళు కూడా మిషన్లు ఆపి గుమ్మాల్లో కూర్చున్నారు. మెట్ల ముందు జనం చేరారు. సంచులకు పసుపు పెట్టారు. ఆడవాళ్ళు చెంబులతో వరుసగా నిలబడ్డారు. మేస్త్రీ వదినగారు ముందు నిలబడ్డారు. చాల్‌లో అందరికన్నా పెద్దావిడ, ఉండేది మొదటి అంతస్తు. ఆవిడ పోసిన తరువాతే మిగతావాళ్ళు.

నేను చేయి అడ్డం పెట్టాను.

"మేస్త్రీ, సంచుల మీద పోయొద్దు. గోతిలో వేరు, ఇక్కడ వేరు. పైన చెక్క మెట్లు. కింద మనుషులు పడుకుంటున్నారు."

"ఇంటికో చెంబే కద సారూ. సున్నానికి గొంతు కూడ తడవదు."

"అదే చెబుతున్నాను. గొంతు మాత్రం తడిస్తేనే అది మండుతుంది. పోస్తే డ్రమ్ముల కొద్దీ పోయాలి."

"డ్రమ్ములా?" రెండో అంతస్తు ట్యాక్సీ ఆయన నవ్వాడు. "మాస్టర్, మీకు రిటైరైనాక నల్లా వేరే వస్తున్నదా? మా ఇంట్ల బట్టలుతికిన నీళ్ళతోటి మోరీ కడుగుతం, మోరీ కడిగిన నీళ్ళతోటి బండి కడుగుతం."

అందరూ నవ్వారు. ఆయన అన్నది నిజమే. మా చాల్‌లో ఏదైనా ఒలకబోయవచ్చు గానీ నీళ్ళు ఒలకబోయకూడదు. పొద్దున ఆ కాసేపు వచ్చే నల్లా నీళ్ళే రోజంతటికీ.

వదినగారు నా చేతి వంక చూశారు. "చెయ్యి తీయి మాస్తరూ. నా అత్త పోసింది, నేను పోసిన. మీ లెక్క మీ బళ్ళె చెప్పుకో. నీళ్ళు పోస్తే నిప్పు పుడుతదట, విన్నరా అమ్మా?"

మాటలతో కాదని, చేసి చూపిస్తానన్నాను. ఒక సంచి మూతి విప్పించి, కొబ్బరికాయంత గడ్డ తీసి స్టీలు పళ్ళెంలో పెట్టి గుమ్మం బయట ఉంచాను. మనుమరాలు దాని మీద గ్లాసుడు నీళ్ళు పోసింది. గడ్డ నీళ్ళు పీల్చుకుంది. అందరూ ముందుకు వంగారు.

ఏమీ కాలేదు.

కాసేపు చూశారు. గడ్డ రాయిలా అలాగే ఉంది. ట్యాక్సీ ఆయన దాని మీద వేలు పెట్టి, "ఏసీ లెక్కున్నది మాస్టర్," అన్నాడు. నవ్వులు మొదలయ్యాయి. మనుమరాలు తల దించుకుంది.

"బట్టీలో ఎక్కువ కాలిన సున్నం కొంచెం మొద్దుగా ఉంటుంది," అన్నాను. "ఆలస్యంగా అందుకుంటుంది."

"మీ పిలగాండ్ల లెక్క," అంది వెనక నుంచి ఎవరో.

మేస్త్రీ మంచివాడు. ఆయన కొడుకులిద్దరూ నా దగ్గర చదివారు. జనం ముందు నేను చిన్నబోవటం ఆయనకు నచ్చలేదు. "సారు మాట తీసెయ్యొద్దు," అన్నాడు. "తొలినీళ్ళు గీ పళ్ళెంల గడ్డకు తగిలినయ్, అయిపోయింది. రేపు పొద్దుగాల కూలోళ్ళు రాంగనే సంచులన్నీ పైకప్పు గచ్చి మీదికి ఎక్కిస్తం. నడువుండ్రి."

"ఒక్క పోరి పోస్తే ఇంటింటి నీళ్ళు తగిలినట్టా?" అన్నారు వదినగారు.

ఆవిడ నిండు చెంబు పట్టుకునే మెట్లెక్కారు. ఆవిడ వెనక మిగతావాళ్ళు, చెంబులు తొణకకుండా, ఒక్కొక్కరే. అంతమంది ఎక్కుతున్నా మెట్ల మీద మాట వినపడలేదు. నేను పళ్ళెం వైపు తిరిగి కూర్చున్నాను.

జనం పోయాక అక్కడ మిగిలింది మేము ముగ్గురం. మనుమరాలు, నేను, మెట్ల కింద ఆమె. ఆమె పొయ్యి వెలిగించబోతోంది. అప్పుడు పళ్ళెంలో టక్కుమని చప్పుడైంది. గడ్డ మీద పగులు పడింది. ఆ పగులులోంచి సన్నగా ఆవిరి లేచింది. తరువాత గడ్డ ఉబ్బి, విచ్చుకుని, తెల్లటి పొడిగా కూలింది. పళ్ళెం కొట్టుకోవటం మొదలుపెట్టింది. చిందిన పొడి తగిలి, పక్కనున్న పూజ పూలరేకు ఒకటి ముడుచుకుని, నల్లబడింది.

ఆమె దాన్ని చూసింది, తన బొంతను చూసింది.

"సారూ, గీ సంచులల్ల ఉన్నది గిదేనా?"

"ఇదే."

"నా తలకాయ కింద?"

నేను లేచి సంచులన్నీ చేత్తో తడిమి చూశాను. అందినంతవరకు పొడిగానే, చల్లగానే ఉన్నాయి. గోడ వైపు, మెట్లు నేలకు దిగే ఇరుకులో, తలాపు వైపు సంచులకు నా చేయి అందలేదు. మేస్త్రీ గదికి పోయి ఇప్పుడే తీయిద్దామన్నాను. ఆయన అన్నం ముందు కూర్చున్నాడు. "పొద్దుగాల తీస్తమన్న కద సారూ. ఒక్క రాత్రిల ఏమైతది? ఎవలూ పోయలే కద."

పోయలేదనే నేనూ అనుకున్నాను. మొదటి అంతస్తులోని మా గదికి తిరిగి వస్తుంటే పక్కింటి కిటికీలో చెంబు బోర్లించి కనపడింది. "నీళ్ళేం చేశావమ్మా?" అని అడిగాను. "తులసికి పోసిన మామా," అంది, నా ముఖం చూడకుండా. తరువాతి కిటికీలోనూ చెంబు బోర్లించే ఉంది. మా చాల్‌లో అన్ని తులసి మొక్కలు లేవు.

మళ్ళీ కిందికి దిగాను. పాలమూరతను పని నుంచి వచ్చి, ఒంటి నిండా దుమ్ముతో సంచుల మీద కూర్చుని బీడీ వెతుక్కుంటున్నాడు. ఇద్దరూ పైకి వచ్చి మా గది ముందు వరండాలో పడుకోమన్నాను.

"గీడ మంచిగనే ఉన్నది సారూ. దీని మాటలు పట్టించుకోకుండ్రి, దీనికి అన్నిటికీ భయమే."

"నేనే చెబుతున్నాను."

"సంచులు పోతే మేస్త్రీ నన్నడుగుతడు. కావలి ఉండుమన్నడు."

ఆమె బొంత లాగేసింది. అతను తూలి లేచి నిలబడ్డాడు. "నువ్వుండు కావలి," అంది. "నేను పోతున్న. రేపు నీ బూడిదకు ఎవరిని కావలి పెట్టమంటవు?" బొంత చంకన పెట్టుకుని మెట్లెక్కింది. అతను కాసేపు కింద నిలబడి, గొణుక్కుంటూ వెనకే వచ్చాడు. వాళ్ళ రేకు పెట్టె, గిన్నెలు, బట్టలు కిందనే ఉండిపోయాయి. అవి కూడా తెచ్చుకోమని చెప్పటం నాకు తోచలేదు. వరండాలో అంత చోటు కూడా లేదు.

మరునాడు శనివారం. నేను లేచేసరికి ఆమె వరండాలో లేదు. నల్లా వేళయింది, ఎప్పటిలాగే అందరికన్నా ముందు దిగిపోయింది. ఆకాశం ఇంకా తెల్లబడలేదు. మొదట నాకు వాసన వచ్చింది. వేడి ఇనుము మీద నీళ్ళు పడ్డ వాసన, దాంట్లో ప్లాస్టిక్ కాలిన వాసన. ఆ తరువాత ఆమె కేక.

"సారూ! ఉడుకుతున్నది!"

వరండా కమ్మీ పట్టుకుని వంగాను. మెట్ల కింద నుంచి తెల్లటి ఆవిరి వస్తోంది. రాత్రంతా మెల్లగా నీళ్ళు పీల్చిన తలాపు వైపు సంచులు రెండు పగిలి పొంగి, పొడి పైకి వచ్చి మెట్ల చెక్కలను తన్నుతోంది. కరిగిన సంచి ముక్కలు దానికి అతుక్కుని ఉన్నాయి. కింది మూడు మెట్ల అడుగున చెక్క నల్లబడి పొగ చిమ్ముతోంది. దిగటానికి వేరే దారి లేదు. పై రెండు అంతస్తుల్లో తలుపులు తెరుచుకుంటున్నాయి.

అందరూ చేసేదే చేశారు. చేతికి అందిన చెంబులు, మగ్గులు తెచ్చి పైనుంచి విసిరారు. పడ్డ చోటల్లా బుస్సుమంది. పొడి ఎగిరి చిందింది.

"చెంబులు వద్దు!" నా గొంతు నాకే వినపడలేదు. "చెంబులు ఆపండి! డ్రమ్ములు గుమ్మరించండి!"

నా మనుమరాలు నా పక్కన నిలబడి అదే మాటను హిందీలో, మరాఠీలో అరిచింది. ఆమె గొంతు అందరికీ చేరింది. చేతులు ఆగాయి. కింది అంతస్తులో ప్రతి గుమ్మం ముందూ నీలం డ్రమ్ము ఉంటుంది, రోజంతటి నీళ్ళు. వాటి పక్కనే ఇంటివాళ్ళు నిలబడి ఉన్నారు. ఎవరూ డ్రమ్ము మీద చేయి వేయలేదు. వంద కిలోలకు ఆరు వందల లీటర్లు, మూడు డ్రమ్ములు అని నేను పైనుంచి లెక్క చెబుతున్నాను. నీళ్ళు ఎవరివన్నది ఎవరి నోటా రాలేదు గానీ అందరి కళ్ళలో అదే ఉంది.

మెట్ల కింద ఆమె తన రేకు పెట్టె పిడి పట్టుకుని లాగుతోంది. పెట్టె సంచుల పక్కన ఇరుక్కుంది. "విడిచిపెట్టు!" అని ఆమె మొగుడు నా పక్కనుంచి పరుగెత్తి, మొదటి అంతస్తు కమ్మీ దాటి, వేళ్ళాడి కిందికి దూకాడు. ఆమె విడవలేదు. పెట్టెతో పాటు ఒక పగిలిన సంచి కూడా జారింది. ఉడుకుతున్న సున్నం ఆమె పాదాల మీదికి కూలింది.

అప్పుడు మేస్త్రీ తన డ్రమ్మును కాలితో తన్నాడు.

అది పడి నీళ్ళు పారాయి. దాని వెనక పక్కింటి డ్రమ్ము, తరువాత ఎదురింటిది. పాలమూరతను ఆమెను రెక్క పట్టి బయటికి ఈడ్చాడు. నీళ్ళు సున్నంలోకి పోయి మరిగి, తెల్లగా, చిక్కగా గల్లీలోకి దిగాయి. ఆవిరి పైకప్పంత ఎత్తు లేచింది. నాలుగో డ్రమ్ము పడ్డాక మరుగు తగ్గింది. చెక్క సుయ్యిమని ఆగింది. కింది మూడు మెట్లూ విరిగి పడ్డాయి. పొడిగా మిగిలిన ఎనిమిది సంచులను మగవాళ్ళు గుంజి గల్లీ నడుమ పెట్టారు.

నిచ్చెన వేశాక నేను దిగాను. వదినగారిని ఇద్దరు పట్టుకుని దింపారు. ఆవిడ విరిగిన మెట్లను, తడి బూడిదను చూసి, "మెట్ల సందులకెల్లి నేను పోసింది ఒక్క చెంబే," అన్నారు. ఎవరినీ ఉద్దేశించి అనలేదు. నా పక్కింటామె ఏడుస్తూ అదే అంది. "నాది ఒక్క చెంబే మామా." ఆ వెనక ఇంకెవరో కూడా అన్నారు. అందరూ నిజమే చెబుతున్నారు.

పాలమూరామె నల్లా కింద కూర్చుని ఉంది. సున్నం పడ్డ చోట ఆపకుండా నీళ్ళు పోస్తూ ఉండాలని, గుడ్డతో తుడవొద్దని చెప్పాను. నల్లా పూర్తిగా తిప్పి ఆమె పాదాల మీదికి వదిలారు. మొదట్లో తెల్లగా పారిన నీళ్ళు తరువాత తేటగా పారాయి. ఆమె పళ్ళు బిగించి మొగుడి చొక్కా పట్టుకుని ఉంది. పాదాల మీద చర్మం నానిన అట్టలా లేచింది. వేళ్ళ మధ్య ఏముందో నేను చూడలేకపోయాను.

ఆమె వెనక బిందెలు, బకెట్లు వరుసగా ఉన్నాయి. ఆ రోజుకు ఎవరింట్లోనూ నీళ్ళు లేవు. మామూలు రోజైతే ఆ వరుసలో ఒక మగ్గు ఎక్కువ పట్టుకున్నందుకు జుట్లు పట్టుకుంటారు. ఆనాడు ఎవరూ ముందుకు జరగలేదు. మేస్త్రీ భార్య ఖాళీ బిందె చంకలో పెట్టుకుని అలాగే నిలబడింది.

"ఇంకెంతసేపు సారూ?" అని ఆమె మొగుడు అడిగాడు.

"నీళ్ళు వచ్చినంతసేపు," అన్నాను.

ధార సన్నబడింది. చుక్కలు పడ్డాయి. నల్లా గుర్రుమని ఆగిపోయింది.

ట్యాక్సీ ఆయన ఆసుపత్రికి పోవటానికి అప్పటికే బండి గల్లీ మొదట్లో తిప్పి పెట్టాడు. పాలమూరతను ఆమెను చేతుల మీద ఎత్తుకున్నాడు. మనుమరాలు రేకు పెట్టె పట్టుకుని వెనక నడిచింది. సంచులు గల్లీ నడుమ ఉండటంతో వాళ్ళు గోడను రాసుకుంటూ పోవలసి వచ్చింది. అతని భుజం మీదుగా ఆమె ఆ సంచులను చూసింది.

"వాటిని ఏడ పెడతరు సారూ?" అని అడిగింది.

నేను మేస్త్రీ వైపు చూశాను. ఆయన పైకి, మబ్బు వైపు చూస్తున్నాడు. ట్యాక్సీ తలుపు మూసుకుంది. బండి ఫోరస్ రోడ్డు వైపు తిరిగింది.